నలువదియవ యేట పలక పట్టినవారు

1957వ సంవత్సరమున విశాఖపట్టణమునకు రెండు క్రొత్తదనములు వచ్చి చేరినవి. మల్కాపురము దాపున కాల్టెక్సువారి చమురుశుద్ధి కర్మాగారము పనిచేయ నారంభించినది. వాల్తేరు మిట్టమీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు ఎం.బి.ఎ. యను పట్టమునకు తరగతులు తెఱచిరి. మొదటిదానిని ఊరంతయు గుర్తించినది, ఏలయన దాని గొట్టములును, పొగయును, అందు దొరకు కొలువులును కంటికి కనబడునవి. రెండవదానిని గుర్తించినవారు స్వల్పము. పూర్తికాలపు ఎం.బి.ఎ.ను భారతదేశమున మొట్టమొదట బోధించినది తామేయని ఆ విశ్వవిద్యాలయమువారు నేటికిని సగర్వముగా చెప్పుకొందురు. కలకత్తాలోను, అహమ్మదాబాదులోను ఐ.ఐ.ఎం.లు వెలసినది 1961లో గనుక ఆ గర్వమును తప్పుపట్టవలసిన పనిలేదు. ఐతే చదువు ముందు, కొలువు వెనుక అనునది నాటి క్రమము. పట్టము చేతబట్టుకొని యువకుడు కర్మాగారపు ద్వారమునొద్దకు పోవువాడు. ఆ క్రమమును తలక్రిందులు చేసి, కర్మాగారపు ద్వారమునుండి వెలువడి, నెరసిన కణతలతో విశ్వవిద్యాలయపు ద్వారము వైపు నడచుచున్నవారిని గుఱించి యీ కథనము.

వీరిని చూడవలెనన్న సెలవుదినమున ప్రొద్దుటిపూట మద్దిలపాలెమునొద్ద కొంతసేపు నిలువబడిన చాలును. కూర్మన్నపాలెమునందో గాజువాకయందో బస్సెక్కి, ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు రద్దీనంతయు ఓర్చుకొని దిగువారిలో, వీపున సంచి వేసికొన్న కుఱ్ఱవారి నడుమ, ఇస్త్రీచొక్కా జేబులో కంపెనీ గుర్తింపుకార్డును త్రాడుతోసహా మడిచి పెట్టుకొన్నవారును, చదువుకొను కళ్ళజోడు తెచ్చితిమో లేదో యని సంచి తడిమి చూచుకొనువారును అగపడుదురు. పోర్టు ఉద్యోగులు, ఉక్కు కర్మాగారపు ఇంజనీర్లు, షిప్‌యార్డు ఫోర్‌మన్‌లు, బ్యాంకు అధికారులు, నౌకాదళపు కొలువు ముగింపునకు వచ్చినవారు. బ్రహ్మచర్యమున విద్య, గార్హస్థ్యమున సంపాదన యని పెద్దలు పంచిపెట్టిన జీవితమును వీరు కలగాపులగము చేయుచున్నారని బంధువుల యాక్షేపణ. మొక్కై వంగనిది మానై వంగునా యని ఒకరు, ముసలివాడికి దసరా పండుగ యని వేఱొకరు. మనుష్యుడు మ్రాను కాడని మొదటి సామెత చెప్పినవారికి తోచలేదు కాబోలును. రెండవదానిని చెప్పినవారు దసరాను ఎన్నడును సరిగా చేసికొని యుండరు.

ఎందుకు చదువుచున్నారని యడిగినచో అందఱును ఒకే సమాధానము చెప్పుదురు: "ప్రమోషన్ కోసమండీ." అత్తవారింట అడిగినను అదే, ఆఫీసులో అడిగినను అదే, పత్రికవారడిగినను అదే. ఆ సమాధానమున ఒక సౌకర్యము కలదు. అది విన్నవాడు మఱి రెండవ ప్రశ్న వేయడు. ఆ సమాధానమును చిన్నచూపు చూచు పండితులును లేకపోలేదు. విద్యను విద్యకొఱకే యభ్యసింపవలెనని వారందురు. వారు బహుశః ప్రభుత్వరంగ సంస్థలో ఎన్నడును పనిచేసియుండరు. అచ్చట ఎగ్జిక్యూటివ్, నాన్‌ఎగ్జిక్యూటివ్ అను విభజన వర్ణవ్యవస్థకేమాత్రమును తీసిపోదు. ఉండు క్వార్టరు, కూర్చుండు కుర్చీ, సమావేశమున నోరు విప్పు నధికారము, తుదకు కూతురి పెండ్లిచూపులలో "అబ్బాయిగారి మామగారు ఏం చేస్తుంటారు" అను ప్రశ్నకు వచ్చు జవాబు, ఇవియన్నియు ఆ గీతకు ఇవతలనో అవతలనో నిర్ణయమగుచుండును. జూనియర్ ఆఫీసరు పదవికి ఎగబ్రాకుటలో ఒక పట్టము ఆవగింజంత యుపకరించునని తోచినప్పుడు దానికొఱకు రెండేండ్ల ఆదివారములను ధారపోయుటలో నాకు హీనత్వమేమియు గోచరింపదు.

ఐనను ప్రమోషన్ యనునది పైకి చెప్పు కారణము. ఇంకొంచెము సేపు కూర్చున్నచో, రెండవ టీ వచ్చువఱకు ఓపికపట్టినచో, వేఱుమాటలు వినవచ్చును. ఆ మాటలు విశాఖపట్టణమున ఒక ప్రత్యేకమైన తీరున నుండునని నా యభిప్రాయము. ఆ ప్రత్యేకతకు హేతువు ఈ యూరి చరిత్రయందే యున్నది.

ఉక్కు కర్మాగారము కావలెనని 1966లో ఆంధ్రులు ఉద్యమించిరి; టి. అమృతరావు నిరాహారదీక్ష పూనెను. 32 మంది ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటున ప్రకటన చేసిరి, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగెను. 60కి పైగా గ్రామములవారు పొలములను, ఇండ్లను విడిచిపెట్టి లేచిపోయిరి. అట్లు లేచిపోయిన కుటుంబములకు 'ఆర్ కార్డు' అను నొక కాగితము దక్కినది; ఇంటికొక ఉద్యోగమునకు అది ఆశాపత్రము. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడి, పనులు సాగి సాగి, 1992 ఆగస్టు 1న కర్మాగారమును జాతికంకితము చేసినవారు ప్రధాని పి.వి. నరసింహారావు. విపణి తలుపులను 1991లో బార్లా తెఱచినదియు ఆయన ప్రభుత్వమే. అనగా ఒక వ్యవస్థను నమ్ముకొని పునాదులు త్రవ్విన కర్మాగారము, ఆ వ్యవస్థ గతించిన మఱుసటియేడు కన్ను తెఱచినది. గోదావరి, కృష్ణ యని బ్లాస్ట్ ఫర్నేసులకు నదుల పేర్లు పెట్టుకొన్న సంస్థకు, ఉక్కు చేయుట వేఱు, ఉక్కు అమ్ముట వేఱు అని ప్రారంభ సంవత్సరముల నష్టములే బోధించినవి. పిదప కోలుకొన్నది, 2010లో నవరత్న హోదాను పొందినది, మూడవ ఫర్నేసునకు అన్నపూర్ణ యని పేరిడుకొన్నది. సొంత ఇనుపగనులు మాత్రము లేకయే పోయినవి.

కోక్ ఓవెన్ల విభాగమున పనిచేయు ఒకాయనను నేనెఱుగుదును. తండ్రి పొలము కర్మాగారమున కలిసినది; ఆర్ కార్డు మీద కొడుకునకు కొలువు వచ్చినది. ఐ.టి.ఐ. చదువుతో చేరి, దూరవిద్యలో డిగ్రీ ముగించి, నలువదియవ యేట ఎం.బి.ఎ.కు దరఖాస్తు పెట్టినాడు. ఆయన నోటుపుస్తకమును చూచితిని. జెల్‌పెన్ను సిరా చెమటకు అలుకుకొనిపోవునని పెన్సిలుతో వ్రాయును. ప్రతి పుట క్రింది మూలను బొటనవ్రేలి ముద్ర నల్లగా అంటియున్నది. బొగ్గు ఎంత కడిగినను గోటిక్రింద మిగులునట. రాత్రిపాళి, అనగా సి షిఫ్టు, ఉదయము ఆఱింటికి దిగి, స్నానము చేసి, రెండు ముద్దలు తిని, నిద్రకు ముందుగా ఒక గంట కాస్ట్ అకౌంటింగు చదువును. ఏడు మీటర్ల ఎత్తుగల ఆ ఓవెన్ల ప్రక్కన ఇరువదియేండ్లు నిలిచినవానికి స్థిరవ్యయము, చరవ్యయము అను పాఠము పట్టుబడుటకు ఎంతోసేపు పట్టలేదు. ఆ పాఠమున్న పుట చివర మాస్టరు ఇచ్చిన లెక్కకు క్రిందుగా, తనంతట తాను వేసికొన్న లెక్క యొకటి యున్నది: ఒక్క ఓవెనును తోసినప్పుడు ఎంత బొగ్గు, దానికెంత వెల, ఎంత కోక్.

"మేం రోజూ ఓవెను తోస్తామండి. ఆస్ట్రేలియా నుంచొచ్చిన బొగ్గు ఎంతకి కొన్నారో, మా కోక్ టన్నుకెంత పడిందో ఇరవై ఏళ్ళూ ఎవరూ మాకు చెప్పలేదు. చెప్పలేదని అనడం కూడా తప్పే, నేనే అడగలేదు. అడగొచ్చని తెలీదు," అని ఆయన యన్నాడు.

ఇట్టి ప్రశ్న ఒక్కనిది గాక వేలమందిదియైన దినము 2021 జనవరి 27. కర్మాగారమున నూటికి నూరుపాళ్ళ వాటాను విక్రయించుటకు కేంద్ర మంత్రివర్గ సంఘము సమ్మతించినది. కూర్మన్నపాలెము కూడలిలో శిబిరము వెలసినది; రిలే దీక్షలు సంవత్సరముల తరబడి సాగినవి. ఆ శిబిరమునందలి యుపన్యాసములను విన్నవారికి ఒక వింత మార్పు కనబడియుండును. 1966 నాటి ఉద్యమపు నినాదము హక్కును గుఱించినది. 2021లో ఆ నినాదము ప్రక్కనే వడ్డీభారము, సొంతగనుల లేమి వలన టన్నుకు పడు అదనపు ఖర్చు, భూముల పుస్తకవిలువకును విపణివిలువకును గల అంతరము మొదలైన మాటలు వచ్చి కూర్చున్నవి. వార్షిక నివేదిక యనునది ఒకటి యుండునని యెన్నడును తలపనివారు దాని పుటలను నకలు తీయించి పంచుకొనిరి. ఆ కాగితములను చదువగలవారు ఎవరాయని వెదుకగా, విభాగమునకొక్కడో యిద్దఱో, ఆదివారపు తరగతులకు పోవువారు దొరకిరి. అంతవఱకు హాస్యాస్పదుడైనవాడు అకస్మాత్తుగా భాష్యకారుడైనాడు.

మన యూరి నడివయసు విద్యార్థి ఈ చదువున వెదకుచున్నది జీతపు పెరుగుదలకంటె లోతైనదని నేను నమ్ముటకు ఆధారమిదియే. తన జీవితమును ఎక్కడనో ఎవరో ఒక పట్టికలో అంకెగా వేసియుంచిరి; ఆ పట్టికను తన కన్నులతో తాను చదువవలెనని అతని కోరిక. మార్చగలనను భ్రమ అతనికి లేదు. చదువుట వచ్చియుండవలెను, అంతియే.

పట్టుదలకు మూలమైనది ఎల్లప్పుడును ఇంత గంభీరముగా నుండదు. గాయపడిన అభిమానము వలన చేరువారును కలరు. పదునైదేండ్లు యంత్రముల నడుమ గడపి, ఏ బేరింగు ఎప్పుడు మూలుగునో చెవితో చెప్పగల ఇంజనీరు ఎదుట, నిన్నగాక మొన్న వచ్చిన మేనేజ్‌మెంటు పట్టభద్రుడు తెరమీద నాలుగు గడులు గీచి, నీ విభాగము ఈ గడిలో పడినదని చెప్పును. పెద్దాయన ఇంటికి పోయి, అన్నము సయింపక, ఆ రాత్రియే దరఖాస్తును నింపును. అన్నిటికంటె తీవ్రమైన ప్రేరణ యిది. అన్నిటికంటె త్వరగా చల్లారునదియు ఇదియే. రెండవ సెమిస్టరునకు ఆ నాలుగు గడులను తానును గీయగలుగును, ఆ కుఱ్ఱవాడు చెప్పినది పూర్తిగా అబద్ధము కాదనియు, పూర్తిగా నిజము కాదనియు తెలిసిపోవును, పట్టుదల అక్కడికి సడలును. అటుపిమ్మటను చదువు సాగించినవాడే విద్యార్థి.

స్త్రీల సంగతి వేఱు. 1933 డిసెంబరు 19న లార్డు విల్లింగ్డన్ లాంఛనముగా ప్రారంభించిన నౌకాశ్రయమున, బి.కాం. చదివిన యొకామె లెక్కలవిభాగమున పనిచేయుచున్నది. డిగ్రీ కాగానే ఐసెట్ వ్రాసి సీటు తెచ్చుకొన్నది, అదే వేసవిలో సంబంధము కుదిరినది, సీటు పోయినది. ఆ కథ తెలుగునాట కోటియిండ్లలో నున్నదే గనుక దానిని విస్తరింపను. పిల్లలు ఎదిగిన పిదప, ఆనాడు పోయినదానిని ఈనాడు తెచ్చుకొనుచున్నారా యని యడిగితిని. ఆమె నవ్వినది. "అదేం లేదండీ. పరీక్ష ఉందంటే ఇంట్లో ఎవరూ కాదనరు. మా అత్తగారు కూడా తలుపు దగ్గరగా వేసి వెళ్తారు. ఊరికే ఓ గంట కూర్చుంటానంటే ఊరుకుంటారా?"

నేను ఆ మాటకు సిద్ధముగా లేను. మధ్యతరగతి గృహిణికి నిందపడకుండ దొరకు ఏకాంతము పూజాగదిలో కొంత, పరీక్షా పుస్తకము ముందు కొంత. ఆర్థిక నిర్వహణ శాస్త్రము ఆమెకు ప్రియమైనదా యని యడుగుట అనవసరము. అయినను అడిగితిని, ఆమెకు మిక్కిలి ప్రియమట. పోర్టులో బెర్తులు ప్రైవేటు నిర్వాహకుల చేతికి పోవుట, కంటెయినర్ టెర్మినలు, రాబడిలో వాటా, ఇవన్నియు ఆమె రోజు చూచు ఫైళ్ళలోనివే. తరగతిలో ఆ పాఠము వచ్చిననాడు మాస్టరుకంటె తానే యెక్కువ మాటలాడితినని చెప్పునప్పుడు ఆమె కంఠస్వరము మాఱినది.

నావికుని ప్రేరణను రెండు మాటలలో చెప్పవచ్చును. పాత పద్ధతిని పదునెనిమిదేండ్లకు చేరి, పదునైదేండ్ల సేవ ముగించి, ముప్పదిమూడేండ్లకు పింఛనుతో ఒడ్డున దిగినవానికి ఇంకను అర్ధజీవితము మిగిలియుండును. తూర్పు నౌకాదళపు స్థావరమైన యీ యూరిలో అట్టివారికి కొదువలేదు. ఓడ ఇంజనురూములో నలుబదిమందిని నడిపినవాడు ఇంటర్వ్యూలో "మీకు మేనేజ్‌మెంటు అనుభవం ఉందా" యను ప్రశ్నకు నిరుత్తరుడగును. అనుభవమున్నది, దానిని అవతలివాని భాషలో చెప్పు కాగితము లేదు.

ఇక బంధువులలోనే మఱొక జాతి కలదు. వారు పరిహసింపరు, సత్య నాదెళ్ళను ఉదాహరింతురు. చూచితివా, ఆయనయు ఉద్యోగము చేయుచునే చదివినాడు, నేడెక్కడ నున్నాడో, యని. కథ నిజమే. 1992లో మైక్రోసాఫ్టున చేరునాటికి ఆయనకు షికాగో విశ్వవిద్యాలయమున ఎం.బి.ఎ. ప్రవేశము దొరకియున్నది, రెంటిని వదలలేక, వారాంతములలో విమానమెక్కి తరగతులకు పోయి, 1997లో పట్టమును పూర్తిచేసెను. ఆ షికాగోయే, యుద్ధము నడుచుచుండిన 1943లో, కొలువులోనున్న అధికారుల కొఱకు ప్రత్యేకించి ఎం.బి.ఎ. పాఠక్రమమును ప్రపంచమున మొట్టమొదట నెలకొల్పినది. ఐతే బంధువులు మఱచు అంకె యొకటి కలదు: ఆయన సంస్థకు అధిపతియైనది 2014లో. పట్టమునకును పదవికిని నడుమ 17 సంవత్సరములు. ఆ పదునేడేండ్లు ఆయన చేసినదంతయు పని. పట్టము పట్టిన మఱునాడు కుర్చీ తలయెత్తి చూచునని నమ్మి చేరువారు ఈ వ్యవధిని గోడమీద వ్రాసి పెట్టుకొనవలెను.

ఈ చదువులోని లొసుగులను దాచుట నా యుద్దేశము కాదు. తనకు ముందు నూఱుమంది వ్రాసిన ప్రాజెక్టు రిపోర్టునే పేరు మార్చి, స్పైరల్ బైండింగు చేయించి సమర్పించువారు కలరు. ఉక్కు కర్మాగారపు వర్కింగ్ క్యాపిటల్ మీద అచ్చయిన విద్యార్థి నివేదికలను పేర్చినచో ఒక గోడౌను నిండునని చమత్కరించువారును కలరు. కొలువులో నున్న విద్యార్థికి ఇక్కడ వేఱొక చిక్కు. అతడు తన విభాగమును గుఱించియే వ్రాయును, అందలి లోపములన్నియు అతనికి తెలియును, కాని ఆ రిపోర్టు మీద సంతకము చేయవలసినవాడు తన పైయధికారి. కావున లోకమున దానిని బాగుగా నెఱిగినవాడు వ్రాసిన నివేదికయే అన్నిటికంటె చప్పగా నుండును. వైవా పరీక్షకులు దీనిని గ్రహించి, కాగితములను ప్రక్కనబెట్టి, "ఇప్పుడు చెప్పండి, అసలేం జరుగుతోంది?" అని యడిగిన సందర్భములు కలవని విన్నాను, అట్టి పరీక్షకులకు నా నమస్సులు.

కాలమును, దూరమును వేఱు పరీక్షలు. 2015లో విశాఖకు ఐ.ఐ.ఎం. వచ్చినప్పుడు మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆవరణలోనే తాత్కాలికముగా తలదాచుకొన్నది. గంభీరమునందలి శాశ్వత ప్రాంగణమును 2024 ఫిబ్రవరి 20న ప్రధాని ప్రారంభించిరి. గంభీరము ఊరికి ఉత్తరపు కొస, ఉక్కునగరము దక్షిణపు కొస. పటమున చూచినవారికి నడుమనున్నది నగరము. బి షిఫ్టు ముగించుకొని రాత్రి పదిగంటలకు వెలువడువానికి నడుమనున్నది నిద్ర. సెలవు నిచ్చుటకు పైయధికారి, నిరభ్యంతర పత్రము నిచ్చుటకు ఆఫీసు, ఫీజునకు ప్రావిడెంటు ఫండు, పెద్దవాని ఇంటర్ ఫీజు గడువు అదే నెలలో. ఇన్నిటిని దాటి చేరినవాడు మధ్యలో మానివేసినచో నేను పరిహసింపను. మానివేసినవారిలో కొందఱు, తమకు కావలసినది మొదటియేటనే దొరకినదని నాతో అనిరి; ఇందులో కొంత ఆత్మసమర్థనము ఉన్నను, కొంత నిజమును లేకపోలేదు.

2025 జనవరిలో కేంద్రము ఉక్కు కర్మాగారమునకు 11,440 కోట్ల రూపాయల సాయము ప్రకటించినది. అందు 10,300 కోట్లు వాటాధనము. తక్కిన 1,140 కోట్లు వర్కింగ్ క్యాపిటల్ ఋణము. దానిని పదేండ్ల పిదప తీర్చు 7 శాతపు ప్రిఫరెన్సు వాటాలుగా మార్చిరి. ప్రకటన వెలువడిన దినములలో క్యాంటీనున జరిగిన సంభాషణను కోక్ ఓవెన్ల యాయన నాకు చెప్పినాడు. జీతము నెలకింత యని ముక్కలుగా వచ్చుచుండిన కాలమది.

"పదకొండు వేల కోట్లొచ్చేత్తన్నాయట గదా గురూ, మన బకాయి పడిపోద్దేటి?" అని సీనియరొకడు అడిగెను.

ఈయన పెన్సిలు తీసి, పేపరు అంచున నిలువుగా గీత గీచి, ఒకవైపు పెద్ద అంకె, ఒకవైపు చిన్న అంకె వేసినాడు. "ఇది వాటా అన్నా. దీనికి వడ్డీ లేదు, తిరిగివ్వక్కర్లేదు. ఇటుపక్కది కొత్త డబ్బు కాదు, పాత అప్పుకే పేరు మార్చారు. పదేళ్ళకి కట్టాలి."

"మరి ఏడు శాతమో?"

"లాభం లేని ఏడు ఇవ్వక్కర్లేదు. ఆ ఏటి బాకీ పై ఏటికి మొయ్యక్కర్లేదు. నాన్‌క్యుములేటివ్ అంటే అదే."

పెద్దాయన ఆ రెండంకెలను చాలసేపు చూచి, వ్రేలు పెద్ద అంకెమీద పెట్టి, "ఇందులో పాత అప్పులకి పోగా మన బొగ్గుకెంత మిగుల్తాదో సెప్పు," అన్నాడట.

"అది ఈ కాగితంలో లేదన్నా. మార్చి లెక్కలు రానీ, చూసి చెప్తాను."